అరుగు మీద నిలబడ్డ అక్షరం

పాత టైపు మిషను మీద కొట్టిన ఇంగ్లీషు కాగితం చేతికి దొరికితే, అందులో చిన్న ‘ఐ’ని దగ్గరగా చూడండి. నిలువు గీత సన్నంగానే ఉంటుంది గానీ, అడుగున అటూ ఇటూ చాచిన పట్టీ ఒకటి ఉంటుంది. మిషనులో ‘ఐ’కీ ‘ఎమ్’కీ ఒకే వెడల్పు చోటు. ఆ చోటు నింపుకోడానికి సన్నటి అక్షరం కింద అరుగు వేసుకుంది.

రోమన్ అక్షరాల గీతల కొసన కనిపించే ఈ పట్టీనే సెరిఫ్ అంటారు. పుస్తకాల టైపులో అది మొనదేలి ఉంటుంది. గీత ఎంత లావో పట్టీ కూడా ఇంచుమించు అంత లావుంటే అది స్లాబ్ సెరిఫ్.

ఇది పుట్టింది పుస్తకాల కోసం కాదు, గోడల కోసం. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో లండన్ వీధుల్లో ప్రకటనలు పెరిగాయి. పుస్తకం టైపునే పెద్దది చేసి అచ్చువేస్తే సన్నగీతలు దూరానికి ఆనేవి కావు. అప్పుడు విన్సెంట్ ఫిగిన్స్ అనే ఆయన ‘యాంటిక్’ పేరుతో దిట్టమైన స్లాబ్ అక్షరాలు పోతపోశాడు. ఈజిప్టు మోజు నడుస్తున్న రోజులు కాబట్టి ఈ తరహాకు ‘ఈజిప్షియన్’ అనే పేరు కూడా స్థిరపడింది.

ఆ మొరటుతనానికి మర్యాద నేర్పింది క్లారెండన్. 1845లో లండన్‌లోని ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీ అనే అక్షరాల పోత కార్ఖానాలో రాబర్ట్ బెస్లీ దాన్ని తెచ్చాడు. అచ్చుదిమ్మలు చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. గీత పట్టీని కలిసేచోట మూల కోసుగా ఉండదు, చిన్న వంపు తిరుగుతుంది. చెట్టు మొదలు నేలలోకి దిగేచోట వెడల్పయినట్టు ఉంటుంది. అందుకే మామూలు అక్షరాల వరుసలో కూర్చున్నా పక్కవాటిని తోసెయ్యదు. నిఘంటువులో ఆరోపం, అంటే అర్థం చెప్పే మాట, లావు అక్షరాల్లో కనిపించే అలవాటుకు దారి వేసింది ఇలాంటి టైపే. డిజైన్ రిజిస్టరు చేసినా రక్షణ మూడేళ్లే. గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలు నకళ్లు దింపాయి.

క్లారెండన్ తరహా సత్తా తెలిసేది కష్టకాలంలోనే. చవక న్యూస్‌ప్రింటు సిరా పీల్చేస్తుంది, వేగంగా తిరిగే యంత్రం అక్షరాన్ని నలిపేస్తుంది. 1925లో లైనోటైప్ కంపెనీ పత్రికల కోసం తెచ్చిన ‘అయానిక్ నెం. 5’ క్లారెండన్ వంశానిదే. గట్టి పట్టీలూ విశాలమైన లోపలి ఖాళీలూ ఉండబట్టి, సిరా ఊరినా అక్షరం పూడుకుపోలేదు.

వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బరువైన స్లాబ్ శీర్షికకూ బోర్డుకూ నప్పుతుంది. పేజీలకు పేజీలు అదే పరిస్తే కంటికి భారం. చదవాల్సింది ఎక్కువుంటే తేలికపాటి స్లాబ్ ఎంచుకుని, అక్షరాల మధ్య కాస్త గాలి ఆడనివ్వాలి.

మన ‘త’కు తలకట్టు తీసేస్తే అది ‘త’ కాకుండా పోతుంది. స్లాబ్ తీసేసినా ‘ఐ’ మాత్రం ‘ఐ’గానే ఉంటుంది. అర్థానికి అది చేర్చేది ఏమీ లేదు. అయినా నాసిరకం కాగితం మీదా, ఎడం నుంచి చూసే కంటికీ ఆ అర్థం చెదరకుండా చేర్చేది ఆ అరుగే. అందుకే నాకు ఆ బండపట్టీ అంటే అంత గౌరవం.