చిప్పులో చోటు వెతికే చేయి

2012 నాటి హెచ్61 మదర్‌బోర్డుకి అడాప్టర్ పెట్టి ఎన్‌వీఎంఈ డ్రైవు తగిలిస్తే, విండోస్ 10 దాన్ని చక్కగా గుర్తుపడుతుంది. కానీ మీట నొక్కినప్పుడు కంప్యూటర్ దాన్నుంచి లేవదు. ఎన్‌వీఎంఈ తొలి ప్రమాణం 2011లోనే వచ్చినా, ఆ బోర్డును మేల్కొలిపే ప్రోగ్రామైన బయోస్‌కి ఆ భాష ఎవరూ నేర్పలేదు మరి.

నేర్పేవాళ్లంటే నాకు గౌరవం. యూఈఎఫ్ఐటూల్ లాంటి పనిముట్టుతో బయోస్ ఫైలు విప్పి, కంప్యూటర్ లేచేటప్పుడు నడిచే డీఎక్స్‌ఈ డ్రైవర్ల వరస చివర చిన్న మాడ్యూల్ ఒకటి చేరుస్తారు. కొన్ని కిలోబైట్లే! అయినా బయోస్ ఉండే చిప్పు మొత్తం నాలుగో ఎనిమిదో మెగాబైట్లు. ఇరుకింట్లో కొత్త మంచం వేసినట్టే.

అసలు పనితనం అంతకుముందే తెలుస్తుంది. ఎనిమిది కాళ్ల చిప్పుకి క్లిప్పు పట్టించి, సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో పాత బయోస్‌ని రెండుసార్లు చదువుతారు. రెండు నకళ్లూ బిట్టు తేడా లేకుండా సరిపోయాకే కొత్తది రాస్తారు. చాలా బోర్డుల్లో నెట్‌వర్క్ చిరునామా, సీరియల్ నంబరు ఆ చిప్పులోనే ఉంటాయి. తొందరపడితే అవీ పోతాయి. తొందరపడేవాళ్లకి ఈ పని అచ్చిరాదు.

అన్నీ కుదిరితే బూట్ మెనూలో కొత్త డ్రైవు కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, చాలాసార్లు దాని పేరు 'పాటా' అని పడుతుంది. వెడల్పాటి రిబ్బన్ కేబుళ్ల కాలం నాటి పేరు!