దాయాదుల లెక్క

దాయాది అంటే ఆస్తిలో వాటా గల జ్ఞాతి. "దాయ" అనే మాటకు జ్ఞాతి అనీ, శత్రువు అనీ మన నిఘంటువులు రెండర్థాలూ ఇస్తాయి. ఉమ్మడి ఆస్తి ఉన్నచోట చుట్టరికమూ పోటీ కలిసే పుడతాయన్న అనుభవం ఈ మాటలో నిలిచిపోయింది. కుటుంబ వ్యాపారాల చరిత్రలు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అవి సాధారణంగా స్థాపకుని కష్టంతో మొదలై వారసుల విజయంతో ముగుస్తాయి. పంపకం ఎలా జరిగిందన్నది మాత్రం ఒకటి రెండు వాక్యాలలో దాటవేస్తాయి. అసలు చదవవలసింది అక్కడే.

పదమూడవ శతాబ్దిలో కేతన తెనిగించిన మితాక్షర ధర్మశాస్త్రం ప్రకారం తాతల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుంది. ఉమ్మడి కుటుంబపు దుకాణంలోనూ అంతే. అన్నదమ్ములు అక్కడ భాగస్వాములయ్యేది పుట్టుక వల్లనే గాని ఒప్పందం వల్ల కాదు. అందుకే కాగితం లేకుండానే నమ్మకం మీద పని సాగుతుంది. అందుకే వేరుపడటానికి నష్టమే రానక్కరలేదు, ఇంట్లో ఒక మాటపట్టింపు చాలు.

కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒకటైన పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కుటుంబాన్ని చూడండి. ఆయన నలుగురు కొడుకులు 1926లో ఆస్తిని అయిదు భాగాలు చేసి, అయిదవది ధర్మసంస్థకు ఇచ్చారు. 1951లో వచ్చిన పీఎస్‌జీ ఇంజనీరింగు కళాశాల ఆ సంస్థదే. దీనిని కేవలం దాతృత్వంగా మెచ్చుకుంటే సగమే చదివినట్లు. అయిదవ భాగం ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరి వాటా వారు తీసుకున్న తరువాత కూడా నలుగురి పేరనా నిలిచే ఉమ్మడి పని ఒకటి మిగిలింది. పంపకంలోనే పొత్తుకు చోటు దొరికింది.

అయితే ఆ లెక్కకు ఒక హద్దు ఉంది. ఆనాటి ధర్మశాస్త్రంలో కూతురు దాయాది కాదు. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆంధ్రప్రదేశ్ 1986లోనూ, తమిళనాడు 1989లోనూ, కర్ణాటక, మహారాష్ట్రలు 1994లోనూ చట్టం చేసి సమాన వాటా కల్పించాయి. పెళ్లయిన కూతుళ్లతో సహా అందరికీ దేశమంతటా ఆ హక్కు వచ్చింది 2005లోనే.

"అండ్ సన్స్" అన్న బోర్డులు మన ఊళ్లలో నేటికీ కనిపిస్తాయి. విద్యార్థులు అలాంటి దుకాణం చరిత్ర రాయబూనితే, పెట్టుబడిలో ఎవరి నగలు కరిగాయో, లెక్కలు ఎవరు చూశారో, పంపకంలో ఎవరిచేత సంతకం పెట్టించుకున్నారో కూడా అడగాలి. అవి లేని చరిత్ర ఎంత చక్కగా రాసినా స్తోత్రమే అవుతుంది.