బంతి మీద లేని చూపు

శనివారం రాత్రి బాస్కెట్‌బాల్ చూడ్డానికి టీవీ ముందు కూర్చుంటే నేను తెలుగులో తిడతాను. అమెరికా వచ్చి పదహారేళ్ళయింది. ఆఫీసులో, బ్యాంకులో, కూరగాయల కొట్టులో కూడా ఇంగ్లీషుతోనే బతుకుతున్నాను. కానీ మా జట్టు కుర్రాడు బుట్ట వైపు ఎగిరినప్పుడు ఎదుటివాడు మోచెయ్యి మీద కొట్టినా రిఫరీ విజిల్ ఊదలేదంటే, అప్పుడు నోట్లోంచి వచ్చేది మా గుంటూరు జిల్లా భాషే. "ఏమండీ, కిటికీలు వేసుకుని అరవండి" అంటుంది మా ఆవిడ. మా అబ్బాయికి ఆ తిట్లు సగం అర్థం కావు. అర్థమైన సగాన్నీ ఓసారి అమ్మమ్మ దగ్గర వాడి దెబ్బలు తిన్నాడు.

మేముండేది నార్త్ కరొలినాలో, ర్యాలీ పక్కనున్న కేరీ ఊళ్ళో. చుట్టూ మూడు విశ్వవిద్యాలయాలు. డరమ్‌లో డ్యూక్, చాపెల్ హిల్‌లో యూఎన్‌సీ, ర్యాలీలో ఎన్‌సీ స్టేట్. డ్యూక్‌కీ చాపెల్ హిల్‌కీ మధ్య దూరం పది మైళ్ళు, పగ మాత్రం తరాలది. ఇక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే పక్క సీటాయన నన్నడిగింది "మీది ఏ రంగు?" అని. ముదురు నీలమా, లేత నీలమా, ఎరుపా. మన పిల్లలు చాలామంది ఎమ్మెస్ చేసింది ఎన్‌సీ స్టేట్‌లో కాబట్టి మా వీధిలో ఎరుపు ఎక్కువ. నాకు లేత నీలం దక్కింది. కారణం చెప్పుకోవడానికి కొంచెం సిగ్గు: నాకు మొదటి టికెట్టు ఊరికే ఇచ్చినాయన చాపెల్ హిల్ మనిషి. అలా డీన్ స్మిత్ సెంటర్‌లో ఇరవై ఒక్క వేల మంది మధ్య కూర్చుని, నియమాలు సగం కూడా తెలియకముందే, రిఫరీని తిట్టడం నేర్చుకున్నాను. ఆట కంటే ముందు వచ్చిన విద్య అది.

మూడేళ్ళ కిందట ఆ విద్యకి గండి పడింది. మావాడు ఆడే పిల్లల లీగ్‌కి ఆ శీతాకాలం రిఫరీలు దొరకలేదు. అరిచే నాన్నలు కావలసినంత మంది ఉన్నారు, ఊదేవాడే లేడు. "నియమాలు అంత బాగా తెలిసినవాళ్ళు ఒకసారి కోర్టులోకి దిగండి" అని నిర్వాహకుల నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. అది నన్ను ఉద్దేశించి రాసిందేనని మా ఆవిడ నమ్మకం. చారల చొక్కా కొనుక్కున్నాను. చూసుకుంటే అద్దంలో బాగానే ఉన్నాను.

మాకు శిక్షణ ఇచ్చిన పెద్దాయన దశాబ్దాలపాటు హైస్కూల్ ఆటల్లో విజిల్ ఊది మోకాళ్ళు అరగదీసుకున్నవాడు. మొదటిరోజు ఏ నియమమూ చెప్పలేదు. పదిమంది కుర్రాళ్ళని అర నిమిషం ఆడించి ఆపి, "బంతి ఎవరి దగ్గరుంది?" అన్నాడు. అందరం చెయ్యెత్తాం. "ఆ ఎరుపు చొక్కా పొట్టివాడు ఇప్పటిదాకా ఏం చేస్తున్నాడు?" అన్నాడు. ఎవరూ పలకలేదు. ఎదుటివాడి చొక్కా పట్టుకుని లాగుతున్నాడట. "బంతి ఎక్కడుందో చెప్పడానికి గ్యాలరీ నిండా జనం ఉన్నారు. నీకు డబ్బిచ్చేది మిగతావాళ్ళని చూసినందుకు."

చెప్పినంత తేలిక కాదది. ఎగిరే బంతి వెంట కన్ను దానంతటదే పోతుంది. పిల్లల ఆటలో ఇద్దరు రిఫరీలుంటారు. ఒకడు బుట్ట కింద గీత దగ్గర, రెండోవాడు వెనక. బంతి నా హద్దులో లేనప్పుడు దాన్ని చూడటం తప్పు. కాలేజీ ఆటలో ముగ్గురు కోర్టుని పంచుకుంటారు. అంటే ఏ క్షణంలో చూసినా ముగ్గురిలో ఇద్దరు బంతిని చూడకుండా ఉండటమే వాళ్ళ ఉద్యోగం. గ్యాలరీలో మనం "అంత స్పష్టంగా కనపడుతుంటే, చూడడేం!" అని ఎవణ్ణి తిడతామో, వాడు చాలాసార్లు కావాలనే అటు చూడనివాడు.

ఈ పంపకం ఆట పుట్టుకలోనే ఉంది. 1891 డిసెంబర్‌లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలం గదిలో ఆడుకోవడానికని, బాల్కనీ కమ్మీకి పీచ్ పళ్ళ బుట్టలు కొట్టించి 13 నియమాలు రాశాడు. అందులో ఇద్దరు అధికారుల్ని పెట్టాడు. అంపైర్ మనుషుల్ని చూడాలి, ఫౌళ్ళు లెక్కపెట్టాలి. రిఫరీ బంతిని చూడాలి. మా ఊళ్ళో సంక్రాంతి కబడ్డీకి ఈ పేచీ లేదు. కూతకి వెళ్ళినవాణ్ణి ఊరంతా చూస్తుంది, డ్రిల్లు మాస్టారూ వాణ్ణే చూస్తాడు. అయినా ఏటా పండగ పూట గొడవ జరిగేదనుకోండి, అది వేరే కథ.

అన్నింటికంటే చచ్చే చావు చార్జా బ్లాకా తేల్చడం. ఒకడు బంతితో దూసుకొస్తాడు, ఇంకొకడు అడ్డం నిలబడతాడు, ఇద్దరూ ఢీకొని పడతారు. తప్పు దూసుకొచ్చినవాడిదైతే చార్జ్, అడ్డం వచ్చినవాడిదైతే బ్లాక్. అడ్డుపడేవాడు ముందే వచ్చి నిలబడి ఉండాలి. ఎంత ముందు? ఒకప్పుడు ఎదుటివాడు నేల వదిలేలోపు చేరితే చాలనేవారు. కాలేజీ పురుషుల ఆటలో 2023-24 సీజన్ నుంచి, ఎగరడానికి వాడు కాలు మోపే క్షణానికే అక్కడ ఉండి తీరాలి. పైగా సాయానికి వచ్చే రెండో కాపలావాడు బుట్ట కింద నాలుగు అడుగుల అర్ధవలయంలో నిలబడి చార్జ్ సంపాదించకూడదు. ఇవన్నీ తేల్చడానికి ఉన్నది అర సెకను. అందులోనూ బంతితో వచ్చేవాణ్ణి చూస్తూ కూర్చుంటే తేలేదేమీ లేదు. అడ్డుపడేవాడు ముందే వచ్చాడా అన్నది, వాడు రాకముందు నుంచే వాణ్ణి చూస్తున్నవాడికే తెలుస్తుంది.

నా మొదటి ఆటలోనే ఇద్దరు పదేళ్ళ పిల్లలు ఢీకొని పడ్డారు. విజిల్ ఊదాను, పిడికిలి పైకెత్తాను. ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియలేదు. బ్లాక్ అయితే రెండు చేతులూ నడుముకి పెట్టుకోవాలి, చార్జ్ అయితే ఒక అరచెయ్యి తల వెనక్కి. నా కుడిచెయ్యి తల వెనక్కి పోయింది, ఎడమచెయ్యి నడుం మీదే ఉండిపోయింది. సగం కూచిపూడి. జిమ్ము గొల్లుమంది. ఆ నవ్వుల మధ్య నుంచి స్వచ్ఛమైన తెలుగులో ఒక గొంతు: "ఈ పంతులివి కళ్ళా, గవ్వలా?"

ఆట అయ్యాక చూస్తే, మనవణ్ణి చూసుకోవడానికి విజయవాడ నుంచి వచ్చిన పెద్దావిడ, స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని కూర్చున్నారు. దగ్గరికెళ్ళి "కళ్ళేనండీ పిన్నిగారూ" అన్నాను. ఆవిడ ఏ మాత్రం తడబడలేదు. "అయితే చూడాలి కదా నాయనా!" అన్నారు.

అప్పటి నుంచి టీవీ ముందు నా గొంతు తగ్గింది. కొన్ని కేకలు అసలు పుస్తకంలోనే లేవని తెలిసొచ్చింది. "ఓవర్ ద బ్యాక్!" అని జనమంతా కోరస్‌గా అరుస్తారే, ఆ పేరుతో ఫౌలే లేదు. పొడుగువాడు వెనక నుంచి చెయ్యి చాచి బంతి అందుకుంటే, తగలనంతవరకు వాడి పొడుగు వాడిది. చెయ్యి చాపడమూ నేరం కాదు, తగిలితే కదా. "రెండు వైపులా ఊదు!" అనే కేక మాత్రం వేరు. అది గుచ్చుకుంటుంది. ఒక జట్టుకి వరసగా నాలుగు ఫౌళ్ళు రాశాక రెండో జట్టు కోచ్‌ని చూస్తే బాగానే ఉంటుంది, మొదటి కోచ్‌ని చూస్తే వేలు దానంతటదే విజిల్ మీదికి పోతుంది, రెండో జట్టు మీద ఒకటి ఊదేద్దామని. నాకే అనుకున్నాను ఈ బలహీనత. 2009లో అచ్చయిన ఒక అధ్యయనం 2004-05 కాలేజీ సీజన్ ఆటల్ని లెక్కగట్టి ఇదే చూపించింది. ఫౌళ్ళ తేడా పెరిగేకొద్దీ, తర్వాతి ఫౌల్ తక్కువ ఫౌళ్ళున్న జట్టు మీద పడే అవకాశం పెరుగుతుందట. ఈ విషయంలో గ్యాలరీది పూర్తిగా అపోహేమీ కాదు.

2024 ఏప్రిల్ 5న క్లీవ్‌లాండ్‌లో కాలేజీ జాతీయ టోర్నమెంట్ మహిళల సెమీఫైనల్, అయోవాకీ యూకాన్‌కీ. టీవీలో సగటున కోటీ నలభై లక్షల మంది చూశారు. యూకాన్ ఒక్క పాయింటు వెనకబడి ఉంది, బంతి వాళ్ళదే, గడియారంలో 3.9 సెకన్లు. అందరి కళ్ళూ షాట్ కొట్టాల్సిన పేజ్ బెకర్స్ మీద. ఆమె కాపలాదారుకి అడ్డంగా స్క్రీన్ పెట్టిన ఆలియా ఎడ్వర్డ్స్ నిలకడగా నిలబడలేదని ఫౌల్. అయోవా 71-69తో గెలిచింది. దేశమంతా గగ్గోలు. అలాంటి క్షణంలో అలాంటి ఫౌల్ ఊదకూడదన్నవాళ్ళే ఎక్కువ. ఆ రాత్రి నేను ఆ దృశ్యాన్ని పదిసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఫౌల్ ఉంది. ఆ ఆటలోనే అంతకుముందు అలాంటివి ఊదకుండా వదిలేసినవీ ఉన్నాయి కదా అంటే, అదీ కొట్టిపారేయలేను. నాకు నచ్చింది ఒక్కటే, అంతమంది ఒకవైపు చూస్తుంటే ఒక మనిషి చూడాల్సిన చోట చూస్తూ ఉండటం.

ఇదే సూత్రం పట్టుకుని రిఫరీలందరినీ వెనకేసుకొద్దామంటే 2019 అడ్డొస్తుంది. మినియాపొలిస్‌లో వర్జీనియా, ఆబర్న్ పురుషుల సెమీఫైనల్. చివరి సెకన్లలో వర్జీనియా కుర్రాడు టై జెరోమ్ బంతి చేజారి, మళ్ళీ చేత్తో పట్టి, మళ్ళీ నేలకి కొట్టాడు. శుద్ధమైన డబుల్ డ్రిబుల్, అదీ బంతి దగ్గరే, అందరూ చూస్తుండగా. విజిల్ లేదు. ఆ వెంటనే 0.6 సెకను మిగిలి ఉండగా అదే జట్టు కైల్ గైని ఆబర్న్‌వాడు ఫౌల్ చేశాడని విజిల్ మోగింది, మూడు ఫ్రీ త్రోలూ వేశాడు, 63-62. ఆ ఫౌల్ సరైందే. దానికి ముందుది ఎవరికీ కనపడలేదు. వీడియోలో మళ్ళీ చూసుకునే జాబితాలో డబుల్ డ్రిబుల్ లేదు. వర్జీనియా రెండ్రోజుల తర్వాత జాతీయ విజేత అయింది. ఆబర్న్ అభిమాని దగ్గర నా చారల చొక్కా కబుర్లు చెప్పడానికి నాకు నోరు రాదు.

చెప్పుకోవడానికి ఇష్టం లేని సంగతి ఇంకొకటుంది. 2017లో మా లేత నీలం వాళ్ళు కెంటకీని 75-73తో ఓడించారు. ఆ రాత్రి మా ఇంట్లో పండగ. మిఠాయి పంచుకున్నాం, రిఫరీలంత న్యాయమైన మనుషులు భూమ్మీద లేరన్నాం. అదే రాత్రి కెంటకీ ఇళ్ళలో అదే విజిల్‌ని శపిస్తున్నారు. అక్కడితో ఆగలేదు. ఆ ఆట ఊదినవాళ్ళలో ఒక రిఫరీకి ఒమాహా దగ్గర ఇళ్ళ పైకప్పులు వేసే వ్యాపారం ఉంది. కాలేజీ రిఫరీలు జీతగాళ్ళు కారు, ఆటకింత అని తీసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు, చాలామందికి వేరే పనుంటుంది. ఆయన దగ్గర ఒక్క పెంకు కూడా వేయించుకోనివాళ్ళు ఇంటర్నెట్‌లో ఆ వ్యాపారానికి వందలకొద్దీ చెత్త రేటింగులు రాశారు. ఫోన్లు, చంపుతామన్న బెదిరింపులు. అభిమానుల్ని ఎగదోశారని ఒక క్రీడా రేడియో సంస్థ మీద ఆయన దావా వేస్తే కోర్టు కొట్టేసింది, అప్పీల్లోనూ అదే తీర్పు. మాటకి స్వేచ్ఛ ఉండాలన్నది కోర్టు లెక్క, ఒప్పుకుంటాను. కానీ "చంపెయ్యాలి వీణ్ణి" అని సోఫాలోంచి నేనెన్నిసార్లు అనలేదు? తెలుగులో అన్నాను కాబట్టి ఒమాహా దాకా వెళ్ళలేదంతే.

కోపం ఇంత ముదరడానికి ఒక కారణం మౌనమని నాకనిపిస్తుంది. ఎన్‌బీఏలో 2015 నుంచి, హోరాహోరీగా ముగిసిన ఆటల్లో చివరి రెండు నిమిషాల నిర్ణయాల్ని ఒక్కొక్కటే తప్పో ఒప్పో మర్నాడు బయటపెడుతున్నారు. కాలేజీ ఆటలో అలాంటి అలవాటు లేదు. తప్పు జరిగిందని లోపల మందలించినా అభిమానికి తెలిసేది అరుదు. 2025-26 నుంచి పురుషుల ఆటలో కోచ్‌కి చాలెంజ్ ఇచ్చారు, కానీ బంతి ఎవరికి తగిలి బయటికెళ్ళింది, బుట్ట దగ్గర బంతిని తాకారా, అర్ధవలయంలో ఉన్నాడా లేడా, ఇలాంటివాటికే. జనం గొంతు చించుకునే మామూలు ఫౌల్ అందులో లేదు. మా పెద్దాయనైతే ప్రతి విజిల్ తర్వాత కోచ్‌కి రెండు ముక్కలు చెప్పమనేవాడు. "నీ చెయ్యి తగిలిందిరా" అని పిల్లవాడికీ చెప్పమనేవాడు. చెప్పాక వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కారు, కానీ అరుపు సగానికి తగ్గేది.

మొన్న ఫిబ్రవరిలో ఒక రాత్రి మా ఇంటికి నాలుగు కుటుంబాలు వచ్చాయి. ఎరుపు, నీలాలు అన్నీ కలిసే. మిరపకాయ బజ్జీలు అయిపోయాయి, ఆట చివరి నిమిషంలో ఉంది, మావాళ్ళు రెండు పాయింట్లు వెనక. బంతి కుడి మూలన. ఇంట్లో అందరూ అటే చూస్తున్నారు. నా కన్ను అలవాటుగా ఎడమకి పోయింది. అక్కడ మా లేత నీలం కుర్రాడు కాపలా కాసేవాడి నడుం చుట్టూ చెయ్యి వేసి, చొక్కా గుప్పిట్లో పట్టి, ఒక్క అడుగు కదలనివ్వలేదు. ఆ సందులోంచి ఇంకొకడు ఖాళీగా వచ్చాడు, బంతి అందుకున్నాడు, మూడు పాయింట్లు. విజిల్ లేదు. ఇల్లు దద్దరిల్లింది. మా ఆవిడే అందరికంటే గట్టిగా అరిచింది, కిటికీలు తీసే ఉన్నాయి.

మావాడు నా పక్కకొచ్చి మెల్లిగా అడిగాడు. "నాన్నా, ఎడమవైపు చూశావా?"

"చూశాను."

వాడు టీవీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎర్ర చొక్కా వేసుకున్న పక్కింటాయన "ఏంటీ, ఏమైంది?" అన్నాడు.

"ఏం లేదండీ" అన్నాను. "బజ్జీలు ఇంకో వాయి వేయిస్తున్నారు."