పరిషత్తు నాటిక

పరిషత్తు నాటిక అంటే, నాటక పోటీలు నడిపే పరిషత్తుల వేదికల మీద ఆడటానికి తయారయ్యే గంట నాటకం. ఆడేవాళ్లకు అది వృత్తి కాదు. పగలు బ్యాంకులోనో బడిలోనో ఆర్టీసీ డిపోలోనో పనిచేసి, రాత్రి భోజనాలయ్యాక ఊరి శివారు కాలనీలో కమ్యూనిటీ హాలు తాళం తీయించుకుని రిహార్సల్సుకు చేరేవాళ్లే దాని నటులు. తెలుగు సాంఘిక నాటకం ఇవాళ్టికీ నిలబడి ఉందంటే చాలావరకు వీళ్ల చలవే.

ఆధునిక తెలుగు నాటకం పుట్టిందే ఔత్సాహికుల చేతుల్లో. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ‘వ్యవహార ధర్మబోధిని’ని విద్యార్థుల చేత ఆడించారు. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ‘కన్యాశుల్కం’ ప్రదర్శించింది. బళ్లారిలో సరస వినోదిని సభను నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆ ఊరి పేరే ఇంటిపేరైన రాఘవ ఇద్దరూ వకీళ్లు. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు పోటీ నాటకాలకు బాట వేసింది. తర్వాత ఆత్రేయ ‘ఎన్.జి.ఓ.’ వంటి నాటకంతో గుమాస్తా ఇంటి కష్టాన్ని గుమాస్తాలే ఆడుకునే వీలు కలిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కూర్మా వేణుగోపాలస్వామి కళాశాలల మధ్య నాటక పోటీలు పెట్టి కుర్రకారును రంగస్థలం మీదికి లాక్కొచ్చారు.

నాటిక రూపాన్ని కథకన్నా ముందు వసతులే నిర్ణయిస్తాయి. అయిదారు పాత్రలు, ఒకటే ఇల్లు, ఒకటే సెట్టు. అంతకు మించితే అందరికీ ఒకేరోజు సెలవు దొరకదు, వ్యాను చాలదు. నటీమణులు తక్కువ. చాలా నాటక సమాజాలకు వాళ్లు మరో ఊరి నుంచి రావాలి. చివరి రెండు మూడు రిహార్సల్సు దాకా వాళ్ల సంభాషణలు ఎవరో ఒకరు చదివి సరిపెడతారు. దాంతో రచయితలు ఆడపాత్రలను ఒకటి రెండుకు కుదించడం అలవాటైంది. తల్లీకూతుళ్ల మధ్యో తోడికోడళ్ల మధ్యో మాత్రమే నడిచే కథలు ఈ వేదిక మీదికి అరుదుగా రావడానికి ఇదొక కారణం. ఇది చిన్న లోటు కాదు.

రిహార్సల్సు రీడింగుతో మొదలవుతాయి. గుండ్రంగా కూర్చుని, ఎవరి పాత్ర వాళ్లు, నటించకుండా చదువుతారు. నోరు తిరగని వాక్యాలు, ఆ పాత్ర అనని మాటలు అక్కడే పట్టుబడతాయి. రచయిత పక్కనే ఉంటే అప్పటికప్పుడు మారుస్తాడు. మాట నోటికొచ్చాకే కదలికలు. అసలు పని ఇక్కడే ఉంది. కొడుకు ఇల్లు అమ్మేద్దామంటున్నాడు, తల్లి ఆరిన బట్టలు మడతపెడుతోంది అనుకుందాం. కొత్త నటి ఆ మాట వినగానే చేతిలో చీర వదిలేసి గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. మంచి దర్శకుడు మడత ఆపనివ్వడు. చీర పూర్తిగా మడతపడి, దొంతర మీదికి చేరి, రెండో బట్ట అందుకోబోయేటప్పుడు మాత్రమే ఆమె చెయ్యి ఆగాలంటాడు. ఆ జాగు విలువ ఎంతో చివరి వరుస ప్రేక్షకుడికి కూడా తెలుస్తుంది. ఇలాంటివి పుస్తకం చదివితే రావు, పదిసార్లు చేసి చూడాల్సిందే.

మైకు మరో పరీక్ష. వేదిక ముందు భాగంలో మైకులు వేలాడుతుంటాయి. నటులంతా వాటి కిందికి చేరి వరుసగా నిలబడితే ఇల్లు ఇల్లులా కనపడదు, వెనక్కి పోతే మాట వినపడదు. కీలకమైన సంభాషణ వేళకు నటుడు ముందుకు రావాలి, వచ్చినందుకు పాత్రకో పని కనపడాలి: మంచినీళ్ల చెంబు, వీధి తలుపు, కుర్చీ మీది పేపరు. ఒకరికొకరు అడ్డం పడకూడదు. మాట మరిచినవాడికి సైడువింగులోంచి ప్రాంప్టింగు అందాలి, అయితే ఆ గొంతు మైకుకు చిక్కకూడదు.

సెట్టు సంగతీ అంతే. ముందు నాటిక ముగిసి తెరపడిన కొద్ది నిమిషాల్లో చెక్క ఫ్రేములు నిలబెట్టి, తలుపు బిగించి, గోడకు దేవుడి పటం తగిలించాలి. సాయంత్రం ముఖానికి రంగు వేసుకున్న హీరో సుత్తి పట్టుకోవడం ఇక్కడ మామూలే. లైట్లు చాలాచోట్ల పరిషత్తువే కాబట్టి ఏ సంభాషణకు వెలుగు తగ్గాలో, సంగీతం ఎక్కడ మొదలవ్వాలో కాగితం మీద రాసి లైట్లవాళ్లకు ముందే ఇచ్చుకోవాలి.

పోటీ ఈ కళను బతికించింది, కొంత చెడగొట్టింది కూడా. గంట లోపు న్యాయనిర్ణేతలను కదిలించాలన్న తొందరలో గొంతులు పెరిగాయి, ప్రతి నాటికలోనూ చివర ఒక చావో పెద్ద ఉపన్యాసమో తప్పనిసరైంది. ఉత్తమ నటుడి బహుమతి మీద కన్నుండేవాడు ఎదుటి పాత్ర మాట వినడం మానేస్తాడు. అయినా అదే వేదిక రైతు అప్పు, వృద్ధాప్యం, వలస వంటి విషయాలను ఊరి జనం ముందు ఉచితంగా నిలబెట్టి, అర్ధరాత్రి దాటినా వాళ్లను కూర్చోబెడుతోంది. బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన కోట శ్రీనివాసరావు వంటి నటులను సినిమాకు ఇచ్చిందీ ఈ ఔత్సాహిక రంగస్థలమే.

పిల్లల నాటికకు పద్ధతి వేరు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘రేడియో అన్నయ్య, అక్కయ్య’లుగా పిల్లల చేత పిల్లల మాటలే పలికించారు. నంది నాటకోత్సవాల్లోనూ బాలల నాటికకు ప్రత్యేక విభాగం వచ్చింది. బాల నటులకు పొడుగు సంభాషణలు ఇస్తే అప్పజెప్పినట్టు పలుకుతారు. చిన్న వాక్యాలు ఇచ్చి, ఆటలోంచి సన్నివేశంలోకి తీసుకెళ్తే గొంతు దానంతటదే విచ్చుకుంటుంది. ప్రతి పాత్రకూ ఇద్దరిని తయారుచేయడం మంచిది. పరీక్షో జ్వరమో ఒకరిని ఆపినా ప్రదర్శన ఆగదు, రెండోవాడు పక్కన కూర్చుని చూస్తూనే సగం నేర్చుకుంటాడు. పెద్దవాళ్ల ఏడుపులూ పంచ్ డైలాగులూ చిన్న నోళ్లలో కుక్కి చప్పట్లు కొట్టించుకోవడం మాత్రం తగదు. పదో తరగతి దాటాక చదువుల ఒత్తిడిలో చాలామంది తప్పుకుంటారు. మిగిలినవాళ్లు మొదట ప్రాంప్టింగుకు, తర్వాత సెట్టు పనికి, ఆ పైన చిన్న వేషానికి వస్తారు. కాలనీ సమాజాలకు కొత్త దర్శకులు ఎక్కువగా ఈ వరుసలోంచే దొరుకుతున్నారు.