గోకూ గొంతు ఎవరిది?

1936లో టోక్యోలో పుట్టిన మసాకో నొజావా 1986లో 'డ్రాగన్ బాల్' యానిమేలో గోకూ అనే పిల్లవాడికి గొంతునిచ్చారు. మగపిల్లల పాత్రలకి స్త్రీల గొంతు వాడడం జపాన్‌లో మామూలే. నన్ను ఆలోచింపజేసింది తర్వాతి సంగతి. 1989లో మొదలైన 'డ్రాగన్ బాల్ జెడ్'లో గోకూ పెళ్లయిన మగవాడు, తండ్రి. అయినా గొంతు ఆమెదే. కొడుకులు గోహాన్, గోతెన్‌ల గొంతులూ ఆమెవే! 2024 నాటి 'డైమా'లోనూ ఆమే గోకూ.

లోకాన్ని కాపాడే ఆ గర్జన ఒక స్త్రీ ఊపిరి. మరి కథలో? పెళ్లికి ముందు పోటీలో గోకూతోనే తలపడిన చీచీకి, పెళ్లయ్యాక మిగిలింది వంటిల్లూ, కొడుకు చదువూ. స్త్రీ గొంతులోని బలాన్ని నమ్మినవాళ్లు, ఆ బలాన్ని స్త్రీ పాత్రకి ఎందుకివ్వలేదు? నొజావాని మెచ్చుకుంటూనే ఈ ప్రశ్న అడగాలని నాకనిపిస్తుంది.