తరగతి గది నేర్పిన పాఠం: గిడుగు రామమూర్తి ఉపాధ్యాయ జీవితం - గచ్చిబౌలి బడుల నేపథ్యంలో పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:

గిడుగు వేంకట రామమూర్తి (1863-1940)ని తెలుగు సాహిత్య విమర్శ ప్రధానంగా వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే పరిశీలించింది. ఆయన మూడు దశాబ్దాలు ఉపాధ్యాయుడిగా పనిచేశాడన్న సంగతి జీవితచరిత్రలో ఒక వివరంగా మాత్రమే మిగిలిపోయింది. ఆయన భాషా కృషికి మూలం తరగతి గదిలో ఎదురైన సమస్యలేనని, సుదీర్ఘమైన ఉద్యోగ జీవితంలో ఉపాధ్యాయుడు ఎదగడం అంటే ఏమిటో ఆ కృషి చూపుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ వెలుగులో గచ్చిబౌలి పరిసరాల ప్రాథమిక పాఠశాలల నేటి స్థితిని, ఉపాధ్యాయ శిక్షణ తీరును చర్చిస్తుంది.

కీలకపదాలు: గిడుగు రామమూర్తి, ఉపాధ్యాయ వికాసం, ప్రాథమిక విద్య, సవర భాష, బహుభాషా తరగతి, గచ్చిబౌలి.

1. ప్రవేశిక:

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆనాటి సభల్లో గిడుగు పేరు వినిపించినంతగా ఆయన వృత్తి వినిపించదు. గ్రాంథికవాదులతో ఆయన చేసిన వాదాలు, చూపిన శాసన ప్రమాణాలు, రాసిన విమర్శలు విస్తృతంగా చర్చకు వచ్చాయి. వాటి వెనుక ఒక బడిపంతులు రోజూ పిల్లల ముందు నిలబడి ఎదుర్కొన్న ఇబ్బంది ఉందన్న అంశానికి దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదు. ఉపాధ్యాయుడిని పక్కన పెట్టి ఉద్యమకారుడిని మాత్రమే చూసినప్పుడు ఆయన మార్పు ఒక సిద్ధాంత నిర్ణయంగా కనిపిస్తుంది. ఉద్యోగ జీవిత క్రమంలో చూస్తే అది అనేక ఏళ్లపాటు సాగిన అభ్యసనానికి ఫలితమని తెలుస్తుంది.

2. ఉద్యోగంలో ఉంటూనే విద్యార్థి:

శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించిన గిడుగు 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేశాడు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్ఫై రూపాయల జీతంపై ఫస్టుఫారం పిల్లలకు చరిత్ర బోధించే ఉపాధ్యాయుడిగా చేరాడు. తండ్రి చిన్ననాడే మరణించడంతో కుటుంబ బాధ్యత ఆయనపై ఉంది. ఉద్యోగం చేస్తూ ఇంట్లోనే చదువుకొని 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. ఉత్తీర్ణుడయ్యాడు. అంటే ఉద్యోగంలో చేరిన తర్వాత పట్టభద్రుడు కావడానికి ఆయనకు 16 సంవత్సరాలు పట్టింది.

ఈ వివరాన్ని పట్టుదలకు ఉదాహరణగా చెప్పి వదిలేయడం పరిపాటి. ఇందులో గమనించవలసిన మరో విషయం ఉంది. చరిత్ర పాఠం చెబుతున్న ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకంతో తృప్తిపడలేదు. సమీపంలోని ముఖలింగ క్షేత్రంలో ఉన్న శాసనాలను స్వయంగా చదవడానికి పూనుకొన్నాడు. బోధించే విషయాన్ని మూలాధారాల వద్దకు వెళ్లి సరిచూసుకొనే అలవాటు అక్కడ ఏర్పడింది. తరువాతి కాలంలో గ్రాంథికవాదులకు ప్రాచీన గ్రంథాల నుంచి, శాసనాల నుంచి ప్రయోగాలు ఎత్తిచూపిన పద్ధతికి పునాది ఈ చరిత్ర ఉపాధ్యాయుడి అలవాటులోనే ఉంది.

3. సవర పిల్లల బడి:

పర్లాకిమిడి తెలుగు, ఒడియా, సవర భాషలు కలిసే ప్రాంతం. పరిసర కొండల్లోని సవరలకు చదువు చెప్పాలనుకున్న గిడుగుకు మొదటి అడ్డంకి భాష. పిల్లలకు ముందుగా తెలుగు నేర్పి ఆ తర్వాత చదువు చెప్పడం తేలికైన మార్గం. ఆయన దానికి ఎదురు దారి ఎంచుకొన్నాడు. తెలుగు, సవర రెండూ తెలిసిన వ్యక్తిని ఇంట్లో ఉంచుకొని తానే సవర నేర్చుకొన్నాడు. అది కొన్ని నెలల్లో ముగిసిన పని కాదు, సంవత్సరాలు పట్టింది. ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే ఏర్పాటు చేశాడు.

ఉపాధ్యాయ వికాస దృష్టితో చూస్తే గిడుగు జీవితంలో ఇదే కీలకఘట్టం. పిల్లవాడికి పాఠం అర్థం కానప్పుడు లోపం పిల్లవాడిలో వెదకడం వ్యవస్థకు అలవాటు. గిడుగు ఆ లోపాన్ని తన అజ్ఞానంలో వెదికాడు. తెలియనిది తనకేనని గుర్తించి, నిరక్షరాస్యులుగా లోకం భావించిన వారి వద్ద శిష్యరికం చేశాడు. వ్రాతరూపం లేని భాషను వినడం, ధ్వనులను గుర్తించడం, వ్యాకరణాన్ని నిర్మించడం ఈ క్రమంలోనే నేర్చుకొన్నాడు. అప్పుడప్పుడే వెలువడుతున్న భాషాశాస్త్ర గ్రంథాలను తెప్పించుకొని చదివాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వ ప్రచురణలుగా వెలువడ్డాయి. కొండ ప్రాంతాల్లో తిరిగి జ్వరాల పాలై, క్వినైన్ వాడకం వల్ల ఆయన వినికిడి దెబ్బతింది. వాడుక మాటను వినిపించుకోమని పండితలోకాన్ని జీవితాంతం కోరిన మనిషి ఆ పనిలోనే వినికిడిని పోగొట్టుకొన్నాడు.

4. ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న:

1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఏ. యేట్స్‌కు చిన్న తరగతుల్లో తెలుగు బోధన తీరు సంతృప్తి కలిగించలేదు. ప్రజలు మాట్లాడే భాషకూ పుస్తకాల్లోని భాషకూ ఇంత దూరం ఎందుకని విశాఖపట్టణం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆయన గురజాడ, గిడుగుల పేర్లు సూచించాడు. అలా మొదలైన చర్చ వ్యావహారిక భాషోద్యమంగా రూపుదిద్దుకొంది.

అప్పటికి గిడుగుకు 44 ఏళ్లు, ఉద్యోగానుభవం 27 ఏళ్లు. తన పద్ధతే సరైనదన్న నమ్మకం గట్టిపడే వయసది. ఆ దశలో ఆయన బోధనకు ఆధారమైన భాషనే ప్రశ్నించుకోగలగడానికి కారణం సవర బడుల అనుభవం. సవర పిల్లవాడికి సవరలో చదువు సహజమైనప్పుడు, తెలుగు పిల్లవాడికి అతని తెలుగులో చదువు ఎందుకు సహజం కాకూడదన్న ప్రశ్న అక్కడి నుంచి సులువుగా పుడుతుంది. 1911లో స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ చేసిన తర్వాత 29 ఏళ్లపాటు ఆయన ఈ ప్రశ్న వెంటే నడిచాడు. 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపాడు. 1940 జనవరిలో, మరణానికి కొద్ది రోజుల ముందు, పత్రికా సంపాదకులకు చివరి విన్నపం చేశాడు.

5. ఆదర్శీకరణకు పరిమితులు:

గిడుగును ప్రతి ఉపాధ్యాయుడూ అనుకరించవలసిన ఆదర్శంగా నిలబెట్టడంలో ప్రమాదం ఉంది. సొంత డబ్బుతో బడులు నడపడం, ఇంట్లో భాషా సహాయకుడిని ఉంచుకోవడం అందరికీ సాధ్యం కావు. వ్యక్తిగత త్యాగాన్ని వృత్తి ప్రమాణంగా మార్చితే వ్యవస్థ తన బాధ్యత నుంచి తప్పించుకొంటుంది.

గిడుగు ఎదుగుదలలో ఇతరుల పాత్రను కూడా లెక్కించాలి. రిజిస్టర్లు తనిఖీ చేసి వెళ్లిపోకుండా బోధన గురించి ప్రశ్న అడిగిన అధికారి ఒకడున్నాడు. ఆలోచన పంచుకోవడానికి గురజాడ వంటి మిత్రుడున్నాడు. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసాన్ని కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని రాయవచ్చన్న ఉత్తర్వు వెలువడింది. పండితుల ప్రతిఘటనతో ఆ వెసులుబాటు ఎక్కువ కాలం నిలవలేదు. ఉపాధ్యాయుడు ఎంత ఎదిగినా, పరీక్షా విధానం కలిసిరానిదే ఆ ఎదుగుదల పిల్లలకు చేరదని ఈ పరిణామం నిరూపించింది.

మరో పరిమితి కూడా ఉంది. 1936లో సవర సమాజానికి చెందిన మంగై గొమాంగో తమ భాషకు ‘సొరంగ్ సోంపెంగ్’ లిపిని రూపొందించాడు. ఏ సమాజం తరఫున ఉపాధ్యాయుడు కృషి చేస్తాడో ఆ సమాజానికి తనదైన నిర్ణయం ఉంటుంది. చివరి మాట గురువుది కాదు.

6. గచ్చిబౌలి తరగతి గది:

పర్లాకిమిడి పరిస్థితి వేరొక రూపంలో నేటి గచ్చిబౌలిలో కనిపిస్తుంది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నాయి. గిడుగు కృషిని ఆధునిక భాషాశాస్త్ర దృష్టితో విలువకట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి 1986 నుంచి 1993 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు. ఆ ప్రాంగణాల చుట్టూ లేచిన ఐటీ భవనాలను కట్టినవారిలో పాలమూరు, శ్రీకాకుళం కూలీలతో పాటు ఒడిశా, బీహారు, ఛత్తీస్‌గఢ్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవారూ ఉన్నారు. వారి పిల్లలు చేరే సర్కారు బడిలో ఒకే గదిలో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా, బెంగాలీ వినిపించవచ్చు. ఒక సైటులో పని ముగిస్తే కుటుంబం మరో చోటికి తరలుతుంది. విద్యాసంవత్సరం మధ్యలో పిల్లలు వస్తారు, వెళతారు.

ఇటువంటి బడిలో 1990 ప్రాంతంలో సెకండరీ గ్రేడు ఉపాధ్యాయురాలిగా చేరిన వ్యక్తి ఎదుర్కొన్న మార్పులను వరుసగా చూడవచ్చు. 1989లో రాష్ట్రమంతటికీ విస్తరించిన అపెప్ కృత్యాధార బోధనను తెచ్చింది. 1996లో డీపీఈపీ, 2001లో సర్వశిక్షా అభియాన్, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు నుంచి టీవీ పాఠాలు మొదలయ్యాయి. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. అదే ఏడాది చదవడం, రాయడం, లెక్కలలో కనీస సామర్థ్యాల కోసం ‘తొలిమెట్టు’ ఆరంభమైంది. తెలుగు మాధ్యమంలో చదివి, ముప్ఫై ఏళ్లు తెలుగులో బోధించిన ఆమె యాభై దాటిన వయసులో ద్విభాషా పాఠ్యపుస్తకం చేతబట్టి ఇంగ్లీషులో పాఠం చెప్పవలసి వచ్చింది.

ఈ పథకాల ఉద్దేశాలను తప్పుపట్టవలసిన పని లేదు. లోపం వాటి క్రమంలో ఉంది. కొత్త పథకం వచ్చిన ప్రతిసారీ పాత పథకంలో ఉపాధ్యాయులు గ్రహించినదేమిటని అడిగేవారు లేరు. కొత్త శిక్షణ, కొత్త కరదీపిక, కొత్త నమూనా పత్రాలు వస్తాయి. ఉపాధ్యాయురాలి అనుభవం లెక్కలోకి రాదు. ఇంతచేసీ, సీనియర్ ఉపాధ్యాయులు మార్పును అంగీకరించరన్న ఆరోపణ మాత్రం స్థిరపడింది. నిజానికి వారిని ఎన్నోసార్లు మార్చారు, ఒక్కసారీ వినలేదు. జాతీయ విద్యావిధానం 2020 ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాసాన్ని సూచించింది. ఆ గంటలు ఎవరి ప్రశ్నలతో నిండుతాయన్నదే అసలు విషయం.

దీనికి వేదికలు కొత్తగా నిర్మించనక్కరలేదు. అపెప్ కాలంలోని ఉపాధ్యాయ కేంద్రాలకు కొనసాగింపుగా స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. వాటిలో కొంత సమయాన్ని ఉపాధ్యాయులు తమ తరగతి నుంచి తెచ్చిన ఒక్క సమస్యకు కేటాయించవచ్చు. ఒడియా మాత్రమే తెలిసిన పిల్లవాడు మొదటి వారం ఏ మాటలతో బడిలో నిలదొక్కుకొన్నాడు, ద్విభాషా పుస్తకంలో ఏ పేజీ ఎప్పుడు అక్కరకు వచ్చింది వంటి పరిశీలనలు అక్కడ నమోదు కావచ్చు. నడక దూరంలో ఉన్న విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర, తెలుగు శాఖలు ఆ నమోదుకు తోడ్పడవచ్చు. గిడుగుకు దొరికిన ప్రశ్న అడిగే అధికారి, వినే మిత్రుడు నేటి ఉపాధ్యాయురాలికి దొరికే మార్గం అదే.

7. ముగింపు:

గిడుగు ఉపాధ్యాయ జీవితాన్ని పరిశీలించినప్పుడు మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ఆయన భాషా సిద్ధాంతం బోధనానుభవం నుంచి పెరిగింది. రెండవది, ఎదుగుదలకు వయసు అడ్డం కాలేదు, ఎందుకంటే ప్రతి దశలోనూ నేర్చుకోవలసినదేమిటో ఎదుట ఉన్న పిల్లలే నిర్ణయించారు. మూడవది, వ్యక్తి ఎదుగుదలకు ప్రశ్నించే, వినే, అనుమతించే వ్యవస్థ తోడు కావాలి. గచ్చిబౌలి బడుల్లో మొదటి రెండింటికి కావలసిన పిల్లలూ ఉన్నారు, ఉపాధ్యాయులూ ఉన్నారు. మూడవదే లోపించింది. ఆ లోపాన్ని గుర్తించకుండా ఉపాధ్యాయులను మార్పుకు లొంగనివారిగా చిత్రించే విమర్శ గిడుగు వారసత్వానికి న్యాయం చేయజాలదు.