స్టిక్కరు బొమ్మలు: గుణదోష విచారము

సెల్‌ఫోను సందేశములలో అక్షరములకు బదులుగా పంపబడు బొమ్మలను స్టిక్కర్లు అందురు. శుభోదయమునకొక బొమ్మ, పుట్టినరోజునకొక బొమ్మ, పరీక్ష తప్పిన స్నేహితుని ఓదార్చుటకు మరియొక బొమ్మ. ఇవి రాని ఫోను నేడు తెలుగునాట అరుదు. పెద్దలు కొందరు వీనిని పిల్లల ఆటవస్తువులని త్రోసిపుచ్చుచున్నారు. వీనిని ప్రచారము చేయు సంస్థలు మాత్రము భావప్రకటనలో నూతన యుగము వచ్చినదని కొనియాడుచున్నవి. రెండు అభిప్రాయములును తొందరపాటుతో కూడినవే. స్టిక్కరు ఎట్లు తయారగునో, దానితోపాటు ఫోనులోనికి మరేమి ప్రవేశించునో చూచిన పిమ్మటగాని దాని మంచిచెడ్డలు నిర్ణయింప వీలుకాదు.

స్టిక్కరునకు అన్న ఎమోజీ. 1999లో జపానులోని డొకొమో అను టెలిఫోను సంస్థ 176 చిన్నబొమ్మలను తన ఫోనులలో అమర్చినది. ఒక్కొక్క బొమ్మ అడ్డమునకు 12, నిలువునకు 12 చుక్కలు గల గడిలో ఇమిడియుండెను. 2010లో యూనికోడ్ ప్రమాణమునందు ఎమోజీలకు స్థానము లభించినది. అనగా ‘అ’కును ‘ఆ’కును ఒక్కొక్క సంఖ్య ఉన్నట్లే నవ్వు ముఖమునకును ఒక సంఖ్య ఏర్పడినది. ఎమోజీని పంపినపుడు ఫోను పంపునది బొమ్మను కాదు, ఆ సంఖ్యను మాత్రమే. అందుకొను ఫోను తన యొద్దనున్న బొమ్మను తీసి చూపును. ఆ సంఖ్య ఏ ఒక్క సంస్థ సొత్తును కాదు.

స్టిక్కరు సంగతి వేరు. ఇక్కడ బొమ్మ బొమ్మగానే ప్రయాణము చేయును. 2011 మార్చిలో జపానులో సంభవించిన మహాభూకంపము తరువాత, ఆ జూనులో లైన్ అను సందేశసేవ ఆరంభమైనది. అక్టోబరులో అది స్టిక్కర్లను ప్రవేశపెట్టినది. బ్రౌన్ అను ఎలుగుబంటి, కోనీ అను కుందేలు అక్కడ ఇంటింటి పేర్లయినవి. 2014 నుండి చిత్రకారులెవరైనను తమ బొమ్మలను ఆ సేవలో అమ్ముకొనవచ్చునను ఏర్పాటు జరిగినది. ఫేస్‌బుక్ మెసెంజరు 2013లోను, టెలిగ్రామ్ 2015 జనవరిలోను, ఐఫోను సందేశములు 2016 సెప్టెంబరులోను, వాట్సాప్ 2018 అక్టోబరులోను ఇదే బాట పట్టినవి. ఈ వరుసలో భారతదేశమునకు చెందిన హైక్‌ను మరువరాదు. 2012 డిసెంబరులో ప్రారంభమైన ఆ సేవ దేశభాషలలో స్టిక్కర్లను ముందుగా ప్రచారమునకు తెచ్చినవానిలో ఒకటి. 2021 జనవరిలో అది మూతపడగా దాని బొమ్మల పెట్టెయు దానితోనే మూతపడినది. సంఖ్య గల ఎమోజీకిని, సంస్థ చేతిలోనున్న స్టిక్కరునకును గల భేదము ఇంతకంటె స్పష్టముగా తెలియుట కష్టము.

ఇక బొమ్మ నిర్మాణము. వాట్సాప్ నియమము ప్రకారము స్టిక్కరు 512 చుక్కల వెడల్పు, 512 చుక్కల ఎత్తు కలిగియుండవలెను. మొత్తము 2,62,144 చుక్కలు. ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము పాళ్ళను తెలుపుటకు మూడు బైట్లు చాలును. కాని స్టిక్కరునకు నాలుగవ బైటు కూడ కావలెను. అది పారదర్శకతను తెలుపును. ఆ బైటు విలువ సున్న అయినచో చుక్క గాజువలె ఉండి వెనుకనున్న తెరను చూపును. 255 అయినచో పూర్తిగా కప్పివేయును. చతురస్రాకారపు కాగితము వలె గాక, అంచు వెంబడి కత్తిరించి అంటించినట్లు బొమ్మ కనిపించుటకు ఇదియే కారణము. చాల స్టిక్కర్ల చుట్టును సన్నని తెల్లని అంచు ఉండుట విద్యార్థులు గమనించియుందురు. బొమ్మ ఏ రంగు వెనుకతెరపైనను కలిసిపోకుండుటకై 8 చుక్కల మందమున ఆ అంచు గీయవలెనని వాట్సాప్ సూచించినది.

నాలుగేసి బైట్ల చొప్పున లెక్కించిన బొమ్మ బరువు 10,48,576 బైట్లు. నియమము మాత్రము కదలని స్టిక్కరు 100 కిలోబైట్ల లోపుండవలెనని చెప్పుచున్నది. అనగా బొమ్మను పదోవంతునకు కుదింపవలెను. ఇందుకు 2010లో గూగుల్ ప్రకటించిన వెబ్‌పీ అను పద్ధతి వాడబడుచున్నది. ప్రక్క చుక్కల రంగును బట్టి ఈ చుక్క రంగును ముందుగా ఊహించి, ఊహకును నిజమునకును గల తేడాను మాత్రమే వ్రాసికొనుట ఇందులోని ఒక కిటుకు. కుదింపులో ఏ మార్పును లేకుండ బొమ్మను తిరిగి పొందవలసినచో 1952లో హఫ్మన్ ప్రకటించిన సంకేత విధానము తోడ్పడును: తరచుగా వచ్చు విలువకు పొట్టి సంకేతము, అరుదుగా వచ్చుదానికి పొడుగు సంకేతము. టెలిగ్రాఫులోని మోర్సు సంకేతములలో ఇంగ్లీషు ‘ఇ’ అక్షరమునకు ఒక్క చుక్కయే ఉండుటలోని యుక్తియు ఇట్టిదే. ఒకే రంగు పరచుకొన్న కార్టూను బొమ్మ ఇట్లు సులభముగా కుదించుకొనును. ఆకులు, నీడలు, వేయి రంగులు గల తోట ఫొటో అంత తేలికగా లొంగదు.

కదలు బొమ్మల విషయమున టెలిగ్రామ్ సంస్థ 2019 జులైలో చేసినది నిజముగా మెచ్చుకొనదగిన పని. మూడు సెకండ్ల పాటు, సెకండుకు 60 చొప్పున, 180 బొమ్మలు కదలవలెనన్న చుక్కల లెక్కన సుమారు 18 కోట్ల 87 లక్షల బైట్లు కావలెను. టెలిగ్రామ్ స్టిక్కరు 64 కిలోబైట్లకు మించదు. ఎట్లు సాధ్యమైనది? అందులో చుక్కలే లేవు. గీత ఎక్కడ మొదలు కావలెను, ఎటు వంగవలెను, ఏ భాగము ఎంతసేపు తిరుగవలెనను ఆదేశములు మాత్రమే కలవు. ముగ్గును ఫొటో తీసి పొరుగూరికి పంపుట ఒక పద్ధతి. ఇన్ని చుక్కలు పెట్టి వీనిని ఇట్లు కలుపుమని చీటీ వ్రాసి పంపుట రెండవ పద్ధతి. టెలిగ్రామ్ చీటీ వ్రాసినది. ఇక కదలిక అంటారా, తోలుబొమ్మ చేయి, మోచేయి, తల వేరువేరు ముక్కలై కీళ్ళ వద్ద తిరిగినట్లే ఇందులోను బొమ్మ భాగములు తమతమ కీళ్ళపై తిరుగును. ఐతే ఈ పద్ధతి గీసిన బొమ్మలకే గాని మనుష్యుల ఫొటోలకు పనికిరాదు. 2022లో చిన్న వీడియోలను కూడ అనుమతించి, అందులకు 256 కిలోబైట్ల హద్దు పెట్టుటకు కారణము అదియే.

ఇచ్చట ఒక చిన్న లెక్క చూడదగినది. ‘శుభోదయం’ అని తెలుగులో వ్రాసినచో యూనికోడ్ గుర్తులు ఏడు; ఫోనులు సాధారణముగా పంపు పద్ధతిలో తెలుగు గుర్తుకు మూడు బైట్ల చొప్పున మొత్తము 21 బైట్లు. 100 కిలోబైట్ల స్టిక్కరు దీనికి సుమారు 4,760 రెట్లు. ఒక్క బొమ్మకు ఇది పెద్ద విషయము కాదు. రెండువందలమంది గల గుంపులో ప్రతి ఉదయము ప్రతివారును పంపి, వానిని ఫోనులన్నియు దాచుకొన్నప్పుడు జ్ఞాపకశక్తి నిండినదని ఫోను మొరపెట్టుకొనుటలో ఆశ్చర్యము లేదు.

బరువుకంటె ఆలోచింపదగినది భద్రత. ఈ విషయమున ప్రజలలో ఒక పొరపాటు భయమును, దానికి ప్రక్కనే ఒక పొరపాటు నిర్భయమును కలవు. స్టిక్కర్ల కట్టలనిచ్చు యాప్‌ను చేర్చుకొన్నచో అది తమ సందేశములన్నిటిని చదువునని కొందరు భయపడుదురు. వాట్సాప్ ఏర్పాటులో అట్టి యాప్ తన బొమ్మలను వాట్సాప్‌నకు అందించునే గాని సంభాషణ దానికి కనిపించదు. ఐఫోనులోని సందేశముల అనుబంధ యాప్‌లకును ఎదుటివారి పేరు గాని నంబరు గాని తెలియదు. అర్థము లేని ఒక గుర్తింపు సంఖ్య మాత్రమే ఇవ్వబడును. కాని అదే మనుష్యులు బొమ్మల కొరకు ఒక కొత్త కీబోర్డును చేర్చుకొనుటకు వెనుకాడరు. కీబోర్డు మీటిన ప్రతి అక్షరమును చూడగలదు. సందేశము గూఢసంకేతముగా మారుట దాని తరువాతి మెట్టు. కనుక ఆ గూఢలిపి ఇచ్చట రక్షణ కాజాలదు. 2017 డిసెంబరులో ఏఐ.టైప్ అను కీబోర్డు యాప్ వ్యవహారము బయటపడినది. 3 కోట్ల 10 లక్షలమందికి పైగా వినియోగదారుల వివరములు, 577 గిగాబైట్ల మేర, రహస్యపదమైనను లేక ఇంటర్నెట్‌లో తెరచియుండెను. అందు వారి పరిచయస్థుల ఫోను నంబర్లు సైతము కలవు. ఆ పరిచయస్థులు ఆ కీబోర్డును ఎన్నడును ముట్టినవారు కారు.

బొమ్మ తానుగా హాని చేయగలదా? 2023 సెప్టెంబరుకు ముందు ఈ ప్రశ్నను నవ్వి వదలివేసెడివారు. ఆ నెలలో, పైన చెప్పిన వెబ్‌పీ బొమ్మలను విప్పు ప్రోగ్రాములో ఒక లోపము బయటపడినది. హఫ్మన్ సంకేతముల పట్టికను నిర్మించునపుడు, కపటముగా కూర్చిన బొమ్మ ఎదురైనచో, ఆ ప్రోగ్రాము తనకు కేటాయించిన జ్ఞాపకస్థలమును దాటి వ్రాయుచుండెను. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లును, సిగ్నల్ వంటి సందేశసేవల కంప్యూటరు యాప్‌లును తొందరగా సరిదిద్దుకొనవలసి వచ్చినది. అక్షరములకు మాత్రము ఈ గండము లేదని అనుకొనరాదు. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’ ఐఫోనులను కూలద్రోసిన సంగతి ప్రపంచమంతటను వార్త అయినది. జకారము, హల్లు గుర్తు, ఞకారము, వాని తరువాత కంటికి కనిపించని ఒక విడదీయు గుర్తు, ఆపైన దీర్ఘము వచ్చినపుడు అక్షరములను పేర్చు ప్రోగ్రాము తడబడి యాప్ మూతపడెను. మామూలుగా వ్రాసిన ‘విజ్ఞానము’ వలన ఏ ప్రమాదమును లేకుండెను. (నిందపడుటకు అక్షరమాలలో ఆ అక్షరమే దొరకినది!) ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ దీనిని సరిచేసినది.

సందేశసేవలను యాప్‌ల సంతగా మార్చు ప్రయత్నము మాత్రము అంతగా రాణింపలేదు. 2015 మార్చిలో ఫేస్‌బుక్ నలభైకి పైగా అనుబంధ యాప్‌లతో మెసెంజరును తెరచినది. మరుసటి సంవత్సరము యంత్రసంభాషకులను చేర్చినది. 2018 జనవరిలో ఆ సేవాధిపతియే అది మితిమీరి చిందరవందర అయినదని ఒప్పుకొనవలసి వచ్చినది. మనుష్యులు మాటలాడుటకు వచ్చినచోట దుకాణములు బారులు తీర్చిన ఫలితమది. కదలు బొమ్మలను వెదకియిచ్చు గిఫీ సంస్థను 2020 మేలో ఫేస్‌బుక్ కొనినది. ఇతర సందేశసేవలకును బొమ్మలనిచ్చు ఈ సంస్థ ఒక్కరి చేతిలో ఉండుట పోటీకి భంగమని బ్రిటన్ నియంత్రణసంస్థ 2022 అక్టోబరులో తుది నిర్ణయము చేయగా, 2023లో అది 5 కోట్ల 30 లక్షల డాలర్లకు చేతులు మారినది. బొమ్మలను వెదకునప్పుడు వెదకినవారి చిరునామా ఆ సంస్థకు చేరకుండ సిగ్నల్ తానే మధ్యవర్తిగా నిలుచుట ఈ రంగమున ఆదర్శప్రాయమైన ఏర్పాటు.

ఇక తెలుగు స్టిక్కర్లు. ఎమోజీల పట్టికలో తెలుగువాని చిరాకునకు, ఎత్తిపొడుపునకు చోటు చాల తక్కువ. ఆ లోటును స్టిక్కర్లు తీర్చిన మాట నిజము. బ్రహ్మానందము ముఖకవళిక ఒకటి నాలుగు వాక్యముల పని చేయుచున్నది. దీనిని భాషాపతనమని నిందించుట సబబు కాదు. ముఖముతో మాటలాడుట మనుష్యునకు మాటకంటె పాతదైన విద్య. ఐతే ఈ బొమ్మలలో పెక్కు సినిమాలనుండి అడుగకుండ కత్తిరించినవే. అనుమతి లేక ఒక నటుని పేరును, రూపమును, కంఠమును వ్యాపారమునకు వాడరాదని అనిల్ కపూర్ వ్యాజ్యములో 2023 సెప్టెంబరున ఢిల్లీ హైకోర్టు ఉత్తరువు ఇచ్చినది. స్నేహితునికి పంపిన బొమ్మ వేరు, ప్రకటనలతో డబ్బు గడించు స్టిక్కరు యాప్ వేరు అను భేదమును తయారుచేయువారు గుర్తింపవలసియున్నది.

అసలు చిక్కు తెలుగు మాటలనే బొమ్మగా చేసినప్పుడు వచ్చుచున్నది. 1991 నాటి యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగుకు 128 స్థానములు కేటాయింపబడినవి. అట్లు సంఖ్యలుగా మారినందువలననే తెలుగు వాక్యమును ఫోనులో వెదకుటకు, కత్తిరించి వేరొకచోట అతికించుటకు, తప్పు దిద్దుటకు వీలు కలిగినది. బాపు చేవ్రాతను పోలిన అందమైన అక్షరములతో ‘శుభోదయం’ అని గీసిన స్టిక్కరు కంటికి తెలుగే. ఫోనునకు మాత్రము రంగుచుక్కల గుంపు. అందులో ‘శుభోధయం’ అని తప్పు పడినచో, పంపు ప్రతివారును ఆ తప్పునే పంపుదురు. పిల్లలు నిత్యము చూచు తెలుగులో ఇట్టి దిద్దరాని తెలుగు పాలు పెరుగుచున్నందున, దత్తునకు ఒత్తు పెట్టినదెవరని ఉపాధ్యాయుడు తరగతిలో వెదకి ప్రయోజనము లేదు.

చూపులేనివారికి కలుగు నష్టము ఇంకను పెద్దది. తెరను చదివి వినిపించు యంత్రము అక్షరములను పలుకును. ఎమోజీకి యూనికోడ్ పేరు ఉన్నందున దానినిగూడ చెప్పగలదు. పేరు చేర్చని స్టిక్కరు వచ్చినపుడు ఒక స్టిక్కరు వచ్చినదని మాత్రము చెప్పి ఊరకుండును. పలకరించినవారు ఏమి పలకరించిరో తెలియదు. వాట్సాప్ కట్టలలో స్టిక్కరునకు ఎమోజీలను జతపరచుటకు వీలున్నది. ఇది ఎలుగుబంటికి సరిపోవచ్చును గాని తెలుగు మాటకు చాలదు. ‘శుభోదయం’ అను బొమ్మకు సూర్యుని ఎమోజీ తగిలించిన, అది ఎండను గురించియో ఉదయమును గురించియో వినువారికి తెలియదు. టెలిగ్రామ్ 2023 మార్చిలో స్టిక్కరుతోపాటు వెదకుటకు పనికివచ్చు పదములను వ్రాసి ఉంచు సౌకర్యమును తయారుచేయువారికి కల్పించినది. ఆ పదములన్నిటికి కలిపి 64 గుర్తుల చోటు కలదు. ‘శుభోదయం’ అనుటకు ఏడు చాలును.